ముట్లుడిగే ముందు దశలో హార్మోన్ మందులు ఎవరికి అవసరం?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 47. ఏడాదిన్నరగా నెలసరి గాడి తప్పింది. ఒకసారి 24 రోజులకే వస్తుంది, ఇంకోసారి 50 రోజులు గడిచినా రాదు. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు పుట్టి, చెమటతో బట్టలు తడిసి, రెండు మూడుసార్లు లేవాల్సి వస్తోంది. ఆ తరవాత నిద్ర పట్టదు. పగలు పనిలో మతిమరుపు, విసుగు, చిన్న మాటకే కళ్లలో నీళ్లు. ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకుంటే 38 వచ్చింది. "హార్మోన్లు తగ్గిపోయాయి, మాత్రలు మొదలుపెట్టండి" అన్నారు ఒక డాక్టరు. అనుమానం తీరక రెండు నెలల తరవాత మరోచోట చేయిస్తే 9 వచ్చింది. "అంతా నార్మల్‌గానే ఉంది, ఏ మందూ అక్కర్లేదు" అన్నారు అక్కడి డాక్టరు. హార్మోన్ల జోలికి పోతే క్యాన్సర్ వస్తుందని మా అక్క భయపెడుతోంది. అమ్మ చెల్లెలైన మా పిన్నికి 68వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చిన మాట నిజమే. నాకు బీపీ ఉంది, రోజుకో మాత్రతో అదుపులో ఉంది. షుగరు లేదు, గర్భసంచి ఉంది. నాకు నిజంగా హార్మోన్లు అవసరమా? దేన్ని బట్టి తేల్చుకోవాలి?
(పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ రెండు రిపోర్టులూ సరైనవే అయి ఉంటాయి. అయినా మీరు అడిగినదానికి వాటిలో ఏదీ జవాబు చెప్పదు. నిజానికి ఆ పరీక్షే మీకు అక్కర్లేదు. 45 దాటిన స్త్రీకి నెలసరి ఇలా అటూ ఇటూ అవుతూ, ఆవిర్లు కూడా వస్తుంటే అది రుతువిరతికి ముందు దశ, అంటే పెరిమెనోపాజ్, అని చెప్పడానికి ఆమె చెప్పే వివరాలే చాలు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ వయసువారిలో నిర్ధారణ కోసం ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష చేయవద్దనే చెబుతున్నాయి.

రెండు నెలల తేడాతో 38, 9 ఎలా వచ్చాయన్నది మీకు తెలిస్తే మిగతా విషయం సులువుగా అర్థమవుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్.ను పంపి అండాశయాన్ని పనికి పురికొల్పుతుంది. అండాల నిల్వ తరిగిపోతున్న ఈ దశలో ఒక నెల అండాశయం పలకదు, అందుకని పిట్యూటరీ ఆ హార్మోనును ఇంకా పెంచుతుంది. మరో నెల ఏదో ఒక అండకోశం స్పందించి, ముప్పై ఏళ్ల వయసులో ఉన్నప్పటికంటే ఎక్కువగా కూడా ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ను విడుదల చేస్తుంది, దాంతో ఎఫ్.ఎస్.హెచ్. దిగిపోతుంది. ఈ దశలో ముందుగా తగ్గేది ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్, ఎందుకంటే అండం విడుదల కాని నెలలో అది తగినంత తయారు కాదు. ఈస్ట్రోజన్ మాత్రం ఉయ్యాలలా ఊగుతూ ఉండి, చివరి నెలసరి దగ్గరపడ్డాకే నికరంగా పడిపోతుంది. కాబట్టి ఐరన్ తక్కువైతే ఐరన్ ఇచ్చినట్టు, థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే దాన్ని భర్తీ చేసినట్టు, రక్తంలో ఫలానా అంకె కంటే దిగితే ఈస్ట్రోజన్ మొదలుపెట్టాలనే గీత ఏదీ ఈ విషయంలో లేదు. మీ వయసులో హార్మోన్ చికిత్స ఇచ్చేది బాధను తగ్గించడానికే గాని రిపోర్టును సరిచేయడానికి కాదు.

ఇక మీరు ఏ మెట్టు మీద ఉన్నారంటే, వరసగా వచ్చే నెలసరుల మధ్య వ్యవధి ఏడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ తేడాతో మాటిమాటికీ మారుతుంటే పెరిమెనోపాజ్ మొదలైందని, 60 రోజులు లేదా ఆ పైన రాకుండా ఆగిపోతుంటే చివరి భాగంలోకి వచ్చారని లెక్కిస్తారు. మీరు మొదటి భాగం చివర్లో ఉన్నట్టు కనిపిస్తోంది. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే ముట్లుడిగినట్టు. అంటే అది జరిగిన ఏడాదికి గాని ఖాయంగా తెలియదు. ఈ దశ సగటున నాలుగేళ్లు ఉంటుంది, కొందరికి ఏడాదిలో ముగుస్తుంది, మరికొందరికి ఎనిమిదేళ్లు కూడా సాగుతుంది.

అవసరమా అన్న ప్రశ్నను నేను మొదట తిప్పి మిమ్మల్నే అడుగుతాను. ఈ ఆవిర్లు, ఈ నిద్రలేమి మీ రోజులో ఎంత భాగాన్ని మింగేస్తున్నాయి? వారానికి రెండు మూడుసార్లు కాస్త చెమట పట్టి, విసనకర్రతో సర్దుకుపోయే స్త్రీకి ఏ మందూ అక్కర్లేదు. ఆమె ఎఫ్.ఎస్.హెచ్. 60 ఉన్నా అక్కర్లేదు. రోజూ రాత్రి మూడుసార్లు లేచి, మర్నాడు పనిలో తప్పులు చేస్తూ, ఇంట్లోవాళ్ల మీద విసుక్కుని తరవాత బాధపడే స్త్రీకి చికిత్స తీసుకునే హక్కు పూర్తిగా ఉంది. ఆమె ఎఫ్.ఎస్.హెచ్. 9 అయినా సరే. "ఈ వయసులో అందరికీ ఉండేదే" అని ఆమెను వెనక్కి పంపడం నా దృష్టిలో వైద్యం కాదు. ఆవిర్లు ఏదో ఆరు నెలల ముచ్చట అనుకోవడానికి కూడా లేదు. అమెరికాలో వేల మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవారికి అవి సగటున ఏడేళ్లకు పైగా కొనసాగాయి. నెలసరి పూర్తిగా ఆగకముందే మొదలైనవారికి ఇంకా ఎక్కువ కాలం ఉన్నాయి.

అయితే ప్రతి బాధనూ ఈ దశకే అంటగట్టడం కూడా పొరపాటే. థైరాయిడ్ ఎక్కువైతే చెమటలు, గుండెదడ, నెలసరి తేడాలు వస్తాయి. తక్కువైతే మందకొడితనం, మతిమరుపు, అధిక రక్తస్రావం వస్తాయి. రక్తహీనత అలసటను, దడను తెస్తుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియా ఈ వయసు నుంచి స్త్రీలలో పెరుగుతుంది, ముఖ్యంగా గురక పెట్టేవారు దాన్ని పరీక్షించుకోవాలి. కొన్ని రకాల మానసిక మందులు కూడా చెమట పట్టిస్తాయి. అందుచేత మీకు చేయించాల్సిన పరీక్షలు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, వీలైతే ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్, షుగరు, కొలెస్ట్రాల్. నెలసరి ఎప్పుడొచ్చిందో అనుమానంగా ఉంటే గర్భపరీక్ష కూడా చేయించాలి. వినడానికి వింతగా ఉన్నా, ఈ వయసులో అనుకోని గర్భాలు అరుదేమీ కాదు. మీ కన్నీళ్ల గురించి విడిగా ఒక మాట చెప్పాలి. పెరిమెనోపాజ్‌లో డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతకుముందు ఒకసారి వచ్చినవారికి మరీ ఎక్కువ. నిద్ర కుదుటపడగానే మనసు కుదుటపడితే సరే. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి రెండు వారాలకు మించి ఉంటే మాత్రం హార్మోన్ల చర్చను పక్కన పెట్టి ముందు దానికి చికిత్స చేయించాలి.

ఇప్పుడు మీ అక్కగారి భయం దగ్గరికి వద్దాం. ఆ భయానికి ఒక పుట్టినరోజు ఉంది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో 16,608 మంది మీద జరుగుతున్న ప్రయోగాన్ని 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే కృత్రిమ మందు) కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందన్న వార్త ప్రపంచమంతా పాకింది, లక్షల మంది రాత్రికి రాత్రి మాత్రలు మానేశారు. ఆ వార్తలో అంకెలు ఎవరూ సరిగా చెప్పలేదు. పదివేల మంది ఒక ఏడాది పాటు వాడితే రొమ్ము క్యాన్సర్ కేసులు వాడనివారిలో 30, వాడినవారిలో 38. అంటే ఎనిమిది ఎక్కువ. పక్షవాతం ఎనిమిది, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టడం ఎనిమిది, గుండెజబ్బు ఏడు ఎక్కువయ్యాయి. పెద్దపేగు క్యాన్సర్ ఆరు, తుంటి ఎముక విరగడం ఐదు తగ్గాయి. ఇది లెక్కలేని ప్రమాదమని అనను, ఎనిమిది మంది ఎనిమిది మందే. కానీ ఆ ప్రయోగంలో చేరినవారి సగటు వయసు 63. వారిలో చాలామందికి ముట్లుడిగి పదేళ్లు దాటింది. 47 ఏళ్ల మీ రక్తనాళాలూ 63 ఏళ్ల ఆవిడ రక్తనాళాలూ ఒకటి కావు. పైగా అందులో వాడినది నోటి ద్వారా తీసుకునే ఒక రకం ఈస్ట్రోజన్, ఒక రకం కృత్రిమ ప్రొజెస్టిన్. ఈనాడు చాలామందికి ఇచ్చే రకాలు వేరు. గర్భసంచి తీసేసిన 10,739 మంది మీద ఈస్ట్రోజన్ ఒక్కదాన్నే పరీక్షించిన జంట ప్రయోగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

వయసుల వారీగా ఆ ఫలితాలను మళ్లీ పరిశీలించాక స్థిరపడిన అభిప్రాయం ఇది: 60 ఏళ్లలోపు, లేదా ముట్లుడిగి పదేళ్లు దాటకముందు, బాధించే ఆవిర్లు ఉండి, అడ్డుపడే జబ్బులేవీ లేని స్త్రీకి నష్టం కంటే లాభమే ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఈ మందుల మీద ఉన్న తీవ్ర హెచ్చరికలలో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, డిమెన్షియాలకు సంబంధించినవాటిని తొలగించే నిర్ణయాన్ని 2025 నవంబరులో ప్రకటించింది. దీన్ని చూసి కొందరు రెండో కొసకు పరుగెత్తుతున్నారు, నలభై దాటిన ప్రతి స్త్రీ గుండె కోసం, జ్ఞాపకశక్తి కోసం, చర్మం కోసం హార్మోన్లు వాడాలంటున్నారు. లక్షణాలేమీ లేనివారికి గుండెజబ్బును, డిమెన్షియాను నివారించడానికని వీటిని ఇవ్వమని ప్రధాన మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. 2002 నాటి భయం ఎంత అతిశయమో ఈ ఉత్సాహమూ అంతే అతిశయమని నా అభిప్రాయం.

మీ విషయంలో అడ్డుపడేవి ఏమైనా ఉన్నాయా అని చూద్దాం. రొమ్ము క్యాన్సర్ లేదా ఈస్ట్రోజన్‌తో పెరిగే మరే క్యాన్సరైనా తనకు వచ్చినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవారు, కారణం తేలని యోని రక్తస్రావం ఉన్నవారు సాధారణంగా వీటికి దూరంగా ఉండాలి. మీకు ఇవేవీ లేవు. మీ పిన్నిగారికి ముట్లుడిగిన చాలా ఏళ్లకు వచ్చిన క్యాన్సర్ మీకు అడ్డు కాదు. అమ్మకో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చి ఉన్నా, ఒకే వైపు బంధువులలో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉన్నా, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్నా, అప్పుడు ముందు జన్యు సలహా తీసుకోమనేదాన్ని. బీపీ అదుపులో ఉంది కనుక అదీ అడ్డు కాదు, అయితే మందు రూపం ఎంచుకునేటప్పుడు దాన్ని గుర్తుంచుకోవాలి. నోటితో మింగిన ఈస్ట్రోజన్ ముందుగా కాలేయంలోకి వెళ్లి రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం మీద అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ నేరుగా రక్తంలో కలుస్తాయి. మామూలు మోతాదులో వాటివల్ల గడ్డకట్టే ప్రమాదం పెరిగినట్టు పరిశీలనల్లో కనిపించలేదు. బీపీ, అధిక బరువు, మైగ్రేన్ ఉన్నవారికి నేను ఇవే ఇష్టపడతాను.

గర్భసంచి ఉంది కాబట్టి మీకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. ఒంటరి ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచి క్యాన్సర్‌కు దారి తీస్తుందని 1975 నుంచీ తెలుసు. దానికి విరుగుడుగా ప్రొజెస్టిరాన్ తోడు ఉండాలి. నెలసరి ఇంకా వస్తున్నవారికి దాన్ని నెలలో కనీసం 12 రోజులు ఇస్తారు, ఆ కోర్సు ముగిశాక నెలసరిలా రక్తస్రావం వస్తుంది. రెండింటినీ రోజూ కలిపి వాడే పద్ధతిని ముట్లుడిగి ఏడాది దాటినవారికి ఉంచాలి, ఇప్పుడే మొదలుపెడితే వేళాపాళా లేని రక్తస్రావంతో విసిగిపోతారు. సహజ ప్రొజెస్టిరాన్ మాత్ర రాత్రి వేసుకుంటే కాస్త మత్తుగా ఉండి నిద్రకు పనికొస్తుంది. రొమ్ము విషయంలోనూ కృత్రిమ ప్రొజెస్టిన్ల కంటే అది మెరుగని పరిశీలనాధ్యయనాలు సూచిస్తున్నాయి గాని, అంతిమ రుజువు కాగల ప్రయోగం జరగలేదు.

ఇంకో సంగతి చాలామంది డాక్టర్లు కూడా చెప్పడం మరిచిపోతారు: ఈ మోతాదు హార్మోన్లు గర్భాన్ని ఆపవు. 50 ఏళ్లలోపు నెలసరి ఆగినవారు రెండేళ్లు, 50 దాటాక ఆగినవారు ఏడాది గర్భనిరోధక జాగ్రత్త పాటించాలి. లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న లూప్ గర్భసంచిలో వేయించుకుంటే గర్భనిరోధం, గర్భసంచి పొరకు రక్షణ రెండూ దొరుకుతాయి, దానికి తోడు ప్యాచ్ ఒక్కటి చాలు. రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రలు పెరిమెనోపాజ్‌లో ఆరోగ్యవంతులకు మంచి ఉపాయమే గాని, మీకు బీపీ ఉంది కనుక వద్దు. పొగతాగేవారికి, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి కూడా వద్దు. బీపీకి గర్భనిరోధక మాత్ర పనికిరాదని, రుతువిరతి హార్మోన్ పనికొస్తుందని అంటే పాఠకులకు తికమకగా ఉండవచ్చు. గర్భనిరోధక మాత్రలోని కృత్రిమ ఈస్ట్రోజన్ ప్రభావం ఎన్నో రెట్లు బలమైనది, అదే తేడా.

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటే, మీ వివరాలను బట్టి మీరు హార్మోన్ చికిత్సకు తగినవారే, వాడి తీరాల్సినవారు మాత్రం కాదు. ముందు పైన చెప్పిన పరీక్షలు, వయసును బట్టి చేయించాల్సిన మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వార పరీక్ష పూర్తి చేయండి. నాలుగు వారాల పాటు రాత్రి ఎన్నిసార్లు లేచారో, నెలసరి ఎప్పుడు వచ్చి ఎన్నాళ్లు ఉందో రాసి పెట్టండి. ఆ కాగితాన్ని చూసుకున్నాక కూడా ఇలా బతకడం కష్టమే అనిపిస్తే తక్కువ మోతాదు ప్యాచ్ లేదా జెల్, దానికి తోడు ప్రొజెస్టిరాన్‌తో మొదలుపెట్టి, మూడు నెలల తరవాత మళ్లీ చూడాలి. ఆవిర్లను ఇంత బాగా తగ్గించే మందు ఇంకొకటి లేదు, ప్రయోగాలలో వాటి సంఖ్య దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గింది. మూడు నెలలకు ఏ మాత్రం తేడా లేకపోతే మోతాదు మార్చాలి, లేదా మీ బాధకు కారణం వేరే ఉందేమో వెతకాలి. మేలు జరిగితే ఏటా ఒకసారి బీపీ చూసుకుంటూ, ఇంకా అవసరమా అని ఏటా మళ్లీ అడగాలి. ఇన్నేళ్లకు ఆపేయాలనే కచ్చితమైన గడువు లేదు గాని, రొమ్ము క్యాన్సర్ ప్రమాదం వాడిన కాలంతో పాటు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. హార్మోన్లు ఇష్టం లేదంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స), తక్కువ మోతాదులో కొన్ని డిప్రెషన్ మందులు, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కొంతవరకు సాయపడతాయి. అధిక బరువుంటే అది తగ్గడమూ మేలు చేస్తుంది. సోయా గుళికలు, బ్లాక్ కోహోష్ అనే మూలిక వంటివాటికి నిలకడైన ఆధారం కనిపించలేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆవిర్లు, చెమటలు లేవు. కానీ ఏడాదిగా నెలసరి పదీ పన్నెండు రోజులు, గడ్డలు గడ్డలుగా అవుతోంది. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. స్నేహితురాలు చెప్పిన హార్మోన్ మాత్రలు వేసుకున్నన్నాళ్లు ఆగుతుంది, మానగానే మళ్లీ మొదలు. హార్మోన్లు తగ్గిపోవడం వల్లే ఇలా అవుతోందా? నేనూ హార్మోన్ చికిత్స తీసుకోవాలా?
(ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీకు కావలసింది పైన చెప్పిన హార్మోన్ చికిత్స కాదు, ఆ మాత్రలు మళ్లీ మళ్లీ వేసుకోవడమూ కాదు. అండం విడుదల కాని నెలల్లో ఈస్ట్రోజన్‌కు ప్రొజెస్టిరాన్ పగ్గం ఉండదు కాబట్టి లోపలి పొర మందంగా పెరిగి ఆనక విరుచుకుపడి ఊడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే కావచ్చు. అయితే ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గోడలోని గడ్డలు), పాలిప్‌లు (లోపలి పొర మీది పిలకలు), గర్భసంచి గోడ మందమయ్యే అడినోమయోసిస్, థైరాయిడ్ జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి, అరుదుగా లోపలి పొర క్యాన్సర్ కూడా. అందుకే 45 దాటి రక్తస్రావం తీరు మారితే స్కానింగ్‌తో పాటు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఇది వాయిదా వేయదగింది కాదు. రిపోర్టు చేతికి రాకముందే మాత్రలతో రక్తస్రావాన్ని ఆపుతూ పోతే జబ్బును దాచిపెట్టినట్టవుతుంది.

బయాప్సీలో చెడ్డదేమీ లేదని తేలితే, లెవోనార్‌జెస్ట్రెల్ లూప్ ఈ రక్తస్రావానికి చాలా మంచి మందు. వేసిన మొదటి మూడు నాలుగు నెలలు అప్పుడప్పుడు చుక్కలు చుక్కలుగా కనబడి విసిగిస్తుంది, ఆ తరవాత చాలామందికి నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. లూప్ వద్దనుకుంటే రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఉంది, అది హార్మోన్ కాదు. గతంలో రక్తనాళాల్లో గడ్డకట్టినవారు మాత్రం దాన్ని వాడకూడదు. గర్భసంచి తీసేయడం ఈ వరసలో చివరిది, మొదటిది కాదు. ఐరన్ మాత్రలు ఈరోజే మొదలుపెట్టండి. హిమోగ్లోబిన్ సాధారణ స్థాయికి వచ్చాక కూడా, ఒంట్లో నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు కొనసాగించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 38 ఏళ్లు. ఏడు నెలలుగా నెలసరి లేదు, ఆవిర్లు వస్తున్నాయి. "తొందరగా మెనోపాజ్ వచ్చింది, దీనికి మందులెందుకు" అని చెప్పి పంపించారట. నిజమేనా?
(ఒక తల్లి)

జవాబు: నిజం కాదమ్మా. మొదటి ఉత్తరం రాసిన సోదరికి రక్తపరీక్ష అక్కర్లేదన్నాను, వాడి తీరాల్సిన పని లేదన్నాను. మీ అమ్మాయి విషయంలో ఆ రెండూ తిరగబడతాయి. నలభైలోపు అండాశయాలు పనిచేయడం మానితే దాన్ని సహజమైన రుతువిరతిగా చూడకూడదు. ముందు గర్భం కాదని నిర్ధారించుకుని, థైరాయిడ్, పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ చూసి, ఎఫ్.ఎస్.హెచ్.ను నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేయించి నిర్ధారించాలి. ఆ తరవాత క్రోమోజోముల పరీక్ష, ఫ్రాజైల్ ఎక్స్ జన్యు పరీక్ష, ఎముకల సాంద్రత పరీక్ష అవసరమవుతాయి.

నిర్ధారణ అయితే, అడ్డుపడే కారణం లేనంతవరకు హార్మోన్లు ఇవ్వాల్సిందే. ఆవిర్లు లేకపోయినా ఇవ్వాలి. ఆమె వయసు స్త్రీ ఒంట్లో ఇంకా పదేళ్లకు పైగా ఉండాల్సిన ఈస్ట్రోజన్ ముందే పోయింది. ఆ లోటును అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు తొందరగా వస్తాయి. సహజంగా ముట్లుడిగే సగటు వయసు వరకు, అంటే సుమారు 50 ఏళ్లు వచ్చేదాకా వాడాలి. 2002 నాటి ప్రయోగపు అంకెలు ముట్లుడిగిన పెద్దవారివి, వాటిని ఈమెకు అన్వయించడం సరికాదు. పిల్లలు కావాలనుకుంటుంటే ఆ మాట మొదటి సంప్రదింపులోనే చెప్పమనండి. ఇలాంటివారిలో నూటికి ఐదు నుంచి పది మందికి సహజంగానే గర్భం నిలుస్తుంది, మిగిలినవారికి దాత అండంతో అవకాశం ఉంటుంది. గర్భం వద్దనుకుంటే, హార్మోన్ చికిత్స దాన్ని ఆపదు కాబట్టి జాగ్రత్త తప్పదు.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి రెండేళ్లుగా టామాక్సిఫెన్ వాడుతున్నాను. వయసు 49. ఆవిర్లు భరించలేకపోతున్నాను. కొద్ది మోతాదు హార్మోన్ వాడవచ్చా? ఒంట్లో ఏ హార్మోన్ ఎంతుందో లాలాజల పరీక్షతో చూసి, మనకు సరిపోయేలా కలిపిచ్చే "సహజ హార్మోన్లు" సురక్షితమంటున్నారు.
(ఒక పాఠకురాలు)

జవాబు: వాడకూడదు, కొద్ది మోతాదైనా సరే. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడినవారికి హార్మోన్లు ఇచ్చి చూసిన హ్యాబిట్స్ అనే స్కాండినేవియన్ ప్రయోగాన్ని, క్యాన్సర్ తిరగబెట్టడం పెరగడంతో 2003 డిసెంబరులో అర్ధంతరంగా ఆపేశారు. మీరు విన్న సహజ హార్మోన్లూ ఈస్ట్రోజనే, క్యాన్సర్ కణానికి ఆ తేడా తెలియదు. లాలాజల పరీక్ష చూసి మోతాదు నిర్ణయించడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఎవరికి వారికి కలిపిచ్చే మిశ్రమాలలోనూ, చర్మం కింద పెట్టే గుళికలలోనూ మోతాదు ఎంత శరీరంలోకి వెళుతుందో నిలకడ ఉండదు. క్యాన్సర్ లేనివారికి కూడా నేను వీటిని సూచించను.

మీకు పనికొచ్చే మందులు లేకపోలేదు. డిప్రెషన్ మందైన వెన్లాఫాక్సిన్ చిన్న మోతాదులో ఆవిర్లను తగ్గిస్తుంది, రాత్రి చెమటలు ఎక్కువైతే గాబాపెంటిన్ పడుకునే ముందు వేసుకోవచ్చు. అదే కోవలోని పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ మాత్రం వద్దు. టామాక్సిఫెన్‌ను శరీరం పనికొచ్చే రూపంలోకి మార్చుకునే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. మెదడులో ఒంటి వేడిని నియంత్రించే చోట పనిచేసే కొత్త తరహా మందులలో ఎలింజానెటాంట్‌ను, మీలాగే హార్మోన్ నిరోధక మందులు వాడుతున్నవారి మీదే పరీక్షించి చూశారు, ఆవిర్లు తగ్గాయి. అది మీకు దొరుకుతుందేమో, మీకు తగునేమో మీ క్యాన్సర్ డాక్టరును అడగండి. ఆవిర్లకు తాళలేక టామాక్సిఫెన్‌ను మీ అంతట మీరు మానేయకండి. భరించలేని స్థితి వస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి, మందును మార్చే దారులు ఉన్నాయి. యోని పొడిబారడం కూడా బాధిస్తుంటే ముందు హార్మోన్ లేని మాయిశ్చరైజర్లు, లూబ్రికెంట్లు వాడి చూడండి. అవి చాలకపోతే, అక్కడికక్కడే పనిచేసే అతి తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ గురించి ఆలోచించవచ్చు గాని, అది కూడా మీ క్యాన్సర్ డాక్టరు ఒప్పుకున్న తరవాతే.